వంతెన కింది బండపరుపు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను రాసిన నివేదికలను చాలావరకు ఎవరూ చదవలేదని నా అనుమానం. రోడ్డు వెడల్పు చేయాలన్నా, పాత వంతెన తీసి కొత్తది కట్టాలన్నా, దానివల్ల చెట్లూ నీళ్లూ ఇళ్లూ మనుషులూ ఏమవుతారో ముందే వెళ్లి చూసి రాయడం మా విభాగం పని. రాసేవాళ్లం, బైండు చేసి పంపేవాళ్లం. అవి ఏ బీరువాల్లోకి చేరేవో తెలియదు. ఒక్క నివేదికను మాత్రం శ్రద్ధగా చదివారు. చదివి, నేను రాసింది రాసినట్టే చేశారు. నా చిక్కంతా దానితోనే వచ్చింది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు శిక్షణ ఇచ్చేటప్పుడు అప్పుడప్పుడు నన్ను పిలిచి నాలుగు మాటలు చెప్పమంటారు. నేను ఈ సంగతే చెబుతాను. అంతా విన్నాక ఎవరో ఒకరు లేచి, "ఇంతకీ నిజమేమిటి మేడం?" అని అడుగుతారు. నాకు తెలియదంటే నవ్వుతారు, వినయం కొద్దీ అంటున్నాననుకుని. వినయం కాదు, నిజంగానే తెలియదు. ఈసారి కాగితం మీద పెట్టి చూద్దామని కూర్చున్నాను. రాస్తే తేటపడుతుందేమోనని ఆశ.

నేను పుట్టి పెరిగింది తిరుపతిలో. మా నాన్నగారు గుడి ఆఫీసులో గుమాస్తా. నేను నీళ్లు పరీక్ష చేసే ల్యాబులో సహాయకురాలిగా చేరి, పరీక్షలు రాసి, చివరికి రోడ్ల పనుల్లో పర్యావరణం చూసే అధికారినయ్యాను. వాగుల్లో వంకల్లో తిరిగి బురద కాళ్లతో ఇంటికొస్తే, స్నానం చేయందే మా అమ్మ వంటింటి గడప తొక్కనిచ్చేది కాదు. "ఇంత చదువు చదివి ఇసకలో గుంతలు తవ్వుకునే ఉద్యోగమేమిటే?" అని ఆవిడ బాధ.

రిటైరవడానికి కొన్నేళ్ల ముందు వడమాలపేట ఆవల ఒక రోడ్డు పని వచ్చింది. రోడ్డును వెడల్పు చేసి, మధ్యలో ఒక వంక మీదున్న పాత వంతెనను తీసేసి కొత్తది కట్టాలి. అది తెల్లదొరల కాలం నాటి రాతి కమానుల వంతెన. చూడ్డానికి అందంగానే ఉండేది. కానీ లారీ ఎక్కిందంటే ఎదురుగా సైకిలుకు కూడా చోటుండేది కాదు. పిట్టగోడ సగం విరిగిపోయింది. నడిచేవాళ్లు గోడకు వీపు ఆనించి, లారీ దాటేదాకా ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్లు. కింద వంకలో ఏడాదికి పది నెలలు ఇసుకే.

మా నివేదిక ఫారంలో ఒక గడి ఉంటుంది. "పని వల్ల దెబ్బతినే నీటి వనరులు: ఉన్నాయి, లేవు." రెంటిలో ఒకటి కొట్టేయాలి. సర్వే పటంలో అక్కడ చెరువు లేదు, కాలువ లేదు, బావి లేదు. వంక ఎండి ఉంది. మొదటి రోజే "ఉన్నాయి" అన్న మాటను కొట్టేయబోతూ, వంతెన నీడలో నిలబడి పెన్ను మూత తీశాను.

"ఏం రాస్తా ఉండావమ్మా?" అని వెనక నుంచి గొంతు వినిపించింది.

డెబ్బై ఏళ్లుంటాయేమో, బక్కపలచటి మనిషి. మోకాళ్ల పైకి కట్టిన పంచె, తలకు తువ్వాలు. ఆ ఊరి నీరుగంటినని చెప్పాడు. అంటే ఏ రైతు మడికి ఏ రోజు నీళ్లు వదలాలో వంతులు చూసే మనిషి. నీళ్లే లేని వంకకు నీరుగంటి ఏమిటని నాకు నవ్వొచ్చింది.

"వంకలో నీళ్లు లేవు కదా పెద్దాయనా. లేవని రాస్తున్నాను."

"లేవని ఎవురు చెప్పినారు? కిందుండాయి. ఇట్ల రా, సూపిస్తా."

వంతెనకు ఎగువన పది అడుగులు తీసుకెళ్లి, కూర్చుని, రెండు చేతులతో ఇసుక తోడాడు. మోచెయ్యి లోతు పోగానే ఇసుక నల్లబడింది. ఇంకాస్త తోడితే నీళ్లు ఊరాయి. నన్ను చెయ్యి పెట్టి చూడమన్నాడు. మే నెల ఎండలో ఆ నీళ్లు కూజాలో నీళ్లలా చల్లగా ఉన్నాయి. అక్కడికి కొంచెం పైన, గట్టు పక్కన గడ్డిలో దాక్కుని, అడుగు వెడల్పు కాలువ ఒకటి సన్నగా పారుతోంది. ఊటకాలువ. పటంలో లేని కాలువ.

"వంతెన కింద సూడు, బండలు పరిచినారు గదా. ఆ పరుపు అంచున భూమిలోకి గోడ దిగుంటాది. ఇసక కింద నడిచే నీళ్లు దాన్ని తగులుకోని ఆగిపోతాయి. ఆగినవి మా కాలవలోకి ఎక్కుతాయి. ఆ బండపరుపు తీస్తిరా, మా కాలవ సచ్చిపోతాది."

వంతెన పునాదులు వరదకు కోసుకుపోకుండా వేసిన పరుపు అది. కట్టినవాళ్లు ఊటకాలువ కోసం వేసి ఉండరు. కానీ ఆయన మాటలో తప్పేమీ కనిపించలేదు. చెప్పింది చెప్పినట్టు నోటు పుస్తకంలో రాసుకుని, ఫారం మూసేశాను.

అక్కడి నుంచి అయోమయం మొదలైంది.

నీళ్లూ నేలా చూడ్డానికి మా బృందంలో ఒక జియాలజిస్టు ఉండేవారు. గూడూరాయన. వయసులో నాకంటే కొంచెం పెద్ద. కుర్రతనంలో అభ్రకం గనుల్లో పనిచేశారట. జేబులో ఎప్పుడూ నిమ్మకాయ ఒకటి పెట్టుకుని ఎండకు వాసన చూస్తుండేవారు. ఇద్దరం కలిసి వంతెనకు ఎగువన మూడు గుంతలు, దిగువన మూడు గుంతలు తవ్వించి, వారానికొకసారి నీటి మట్టం కొలిచాం. బండపరుపు నీళ్లను ఆపుతుంటే ఎగువ గుంతల్లో నీళ్లు పైకి ఉండాలి, దిగువ గుంతల్లో లోతుకు ఉండాలి.

మొదటి వారం అలాగే ఉంది. నేను సంబరపడ్డాను. రెండో వారం రెండువైపులా సమానంగా ఉన్నాయి. మూడో వారం దిగువనే పైకి ఉన్నాయి.

"ఇదేమిటండీ?" అన్నాను.

"పైన ఎవరో మోటారు పెట్టి తోడుంటారు మేడం. అందుకే ఎగువన తగ్గినాయి." ఆయన నిమ్మకాయ వాసన చూసుకుని, "లేకుంటే ఆ గోడకు ఎక్కడో బీటుండి కారిపోతా ఉండొచ్చు. అదీ కాకుంటే దిగువన వేరే ఊట ఉండొచ్చు," అన్నారు.

"వీటిలో ఏది?"

"మూడూ కుదురుతాయి."

ఊళ్లో అడిగితే ఇంకా తమాషా. వంతెనకు ఎగువ పొలాల వాళ్లు బండపరుపు వల్లే కాలువ బతికిందన్నారు. దిగువ పొలాల వాళ్లు, ఆ కాలువ నీళ్లు కొండ మీద నుంచి వస్తాయని, బండపరుపు తమ బావులకు అడ్డమని, తీసేస్తే పుణ్యముంటుందని అన్నారు. అందరూ పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉన్నవాళ్లు. అందరూ ఒట్టేసి చెప్పినవాళ్లే.

ఈ పనికి ఇంజనీరుగా ఉన్నాయన మంచివాడు. తొందరపెట్టే మనిషే గాని దబాయించే మనిషి కాదు. ఒకరోజు ఆఫీసులో నన్ను కూర్చోబెట్టి, "మేడం, మీరు నీటి వనరు ఉంది అంటే దానికి తగ్గట్టు నేను చూసుకుంటాను. లేదు అంటే నా దారిన నేను కట్టుకుంటాను. ఏదో ఒకటి చెప్పండి. నాకు ఏదైనా ఒకటే," అన్నాడు. ఆ "తగ్గట్టు చూసుకోవడం" అంటే ఏమిటో నేను అడగలేదు. అంతకుముందు వేరేచోట ఒక పనిలో చెరువు తూము అడ్డం వచ్చిందని రాస్తే, డిజైనంతా మార్చి, అనుమతులన్నీ మళ్లీ తెచ్చుకునేసరికి రెండేళ్లు పట్టిందని మా విభాగంలో చెప్పుకునేవారు. ఇక్కడా అంతేననుకున్నాను. ఎవరినీ అడక్కుండా అలా అనుకోవడం ఈ కథలో నేను చేసిన మొదటి తప్పు.

వంతెనకు అవతల ఒక బడి ఉంది. మధ్యాహ్నం అక్కడే చెట్టుకింద మా అమ్మ కట్టిచ్చిన దద్దోజనం తినేదాన్ని. బడిలో పిల్లలకు వండిపెట్టే ఆమె ముప్పై ఐదేళ్ల మనిషి. నాకు గ్లాసులో కాఫీ తెచ్చిచ్చేది. ఇచ్చిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న. "బ్రిడ్జి ఎప్పుడు కడతారు మేడమ్?"

కొన్నాళ్లకు ఆ ప్రశ్న ఎందుకో చెప్పింది. ఆమె భర్త పాలక్యాన్లు కట్టుకుని బండి మీద పోతుంటే వంతెన మధ్యలో లారీ ఎదురైంది. పిట్టగోడకూ లారీకీ మధ్య ఇరుక్కుని అక్కడికక్కడే పోయాడు.

"దినామూ ఆడే నడిచి రావాల మేడమ్. వేరే దోవ లేదు. ఆ సోటుకొచ్చేసరికి కండ్లు మూసుకుంటాను. కండ్లు మూసుకుంటే లారీ కనపడదు. ఏం చేసేది?"

త్వరలోనే కడతారన్నాను. ఆ మాట అనే అధికారం నాకు లేదు.

ప్రజాభిప్రాయ సేకరణకు రెండు వారాల ముందు నీరుగంటిని మళ్లీ కలిశాను. ఊరందరి ముందు, పెద్ద అధికారి ముందు ఆయన ఆ బండపరుపు సంగతి చెబితే, ఆ మాట రికార్డులోకి ఎక్కుతుంది. గుంతల లెక్కలు తేలకపోయినా నాకొక ఆధారం ఉంటుంది. అదే చెప్పాను. సరేనన్నాడు.

అంతటితో ఊరుకుని ఉండాల్సింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలన్న పట్టుదలతో, "కాకపోతే పెద్దాయనా, ఇది రికార్డులోకి ఎక్కితే డిజైను మార్చాలి. వంతెన పని రెండేళ్లు వెనక్కి పోవచ్చు," అన్నాను.

"రెండేండ్లా?"

"పోవచ్చు."

"అందాకా ఈ వంతెన ఇట్లే ఉంటాదా?"

"ఇలాగే ఉంటుంది."

ఆయన వంతెన వైపు చాలాసేపు చూశాడు. "సరేలే, పో," అన్నాడు. ఆ "పో"లో ఏముందో నాకు అర్థం కాలేదు. ఎండకు అలిసిపోయాడనుకున్నాను.

ప్రజాభిప్రాయ సేకరణ రోజు బడి ఆవరణలో షామియానా వేశారు. రెవెన్యూ పెద్ద అధికారి మధ్యలో కూర్చున్నారు. పక్కన ఇంజనీరు, ఆ పక్కన నేను, నా వెనక గూడూరాయన. ఊరివాళ్లు ఒక్కొక్కరే లేచి మైకు పట్టుకున్నారు. బస్సు ఆగే చోటు మార్చొద్దని ఒకరు, చింతచెట్లు కొడితే బదులు నాటాలని ఒకరు, చర్చి గోడ జోలికి రావద్దని ఇంకొకరు. అన్నీ రాసుకుంటూ, నీరుగంటి వంతు ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాను. పుస్తకంలో ఆయన మాటలున్న పేజీ తెరిచి ఒళ్లో పెట్టుకున్నాను.

ఆయన లేచాడు. తలకున్న తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. మైకును ఎలా పట్టుకోవాలో తెలియక రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నేను ఈ ఊరి నీరుగంటిని. మా నాయనా నీరుగంటే. వంతెన కిందుండే బండపరుపుకూ మా కాలవకూ ఏం సమ్మందం లేదు. ఎవురేం చెప్పినా నమ్మబాకండి. అది తీసేసి తొందరగా కట్టండి. అంతే."

దిగువ పొలాల వాళ్లు చప్పట్లు కొట్టారు. ఎగువవాళ్లు లేచి అరవబోయారు గాని, నీళ్ల సంగతిలో నీరుగంటి మాటకు ఎదురు చెప్పడం ఆ ఊళ్లో అలవాటు లేదు. గొణుక్కుంటూ కూర్చున్నారు.

నేను లేచి నిలబడ్డాను. "పెద్దాయనా, మీరు నాతో వేరేగా చెప్పారు కదా?"

ఆయన నా మొహం చూడలేదు. "నేను చెప్పేది ఇంతేనమ్మా," అని మైకు ఇచ్చేశాడు.

పెద్ద అధికారి నా వైపు తిరిగి, "మీకేమైనా సందేహముందా మేడం?" అన్నారు.

ఒళ్లో తెరిచిన పుస్తకం ఉంది. మూడు వారాలకు మూడు రకాలుగా వచ్చిన గుంతల లెక్కలున్నాయి. సందేహం తప్ప నా దగ్గర ఇంకేమీ లేదు. ఆ మాటే అనొచ్చు. "లేదు సార్," అన్నాను. ఎందుకన్నానో ఈ రోజుకీ తెలియదు.

సభ ముగిసి అందరూ లేస్తున్నారు. నీరుగంటిని పట్టుకుని అడుగుదామని గబగబా నడిచాను. నీళ్ల డ్రమ్ము దగ్గర ఆయన గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు, తాగడం లేదు. బడిలో వండే ఆమె వంటింట్లోంచి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"నాయనా, పదం పోదాం. ఎండ ఎక్కతా ఉండాది."

నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. అన్ని నెలలు ఇద్దరితోనూ మాట్లాడాను. ఆయన నీళ్ల గురించి చెబితే రాసుకున్నాను. ఆమె ఇచ్చిన కాఫీ తాగాను. మీకు పిల్లలెంతమంది అని ఆయన్ని గానీ, మీ నాయన ఎవరని ఆమెను గానీ ఒక్కనాడూ అడగలేదు. మా ఫారంలో ఆ ప్రశ్నలకు గడి లేదు.

జీపులో గూడూరాయన, "ఇప్పుడేం రాస్తారు మేడం?" అన్నారు.

"మీరేం రాస్తారు?"

"నేను గుంతల లెక్కలు రాసిస్తా. అర్థం చెప్పాల్సింది మీరే కదా."

మర్నాడు పొద్దున ఆఫీసులో కూర్చుని ఫారం తెరిచాను. నీరుగంటి మొదట చెప్పింది నిజమనుకుంటే, రెండోది కూతురి కోసం ఆడిన అబద్ధం. అలా రాస్తే ఆయన్ని ఊరందరి ముందు అబద్ధాలకోరును చేయాలి. రెండేళ్లు ఆమె కళ్లు మూసుకుని ఆ వంతెన దాటాలి. మొదట చెప్పిందే ఊరికే నమ్మకం కొద్దీ చెప్పిందనుకుంటే, ఈ గొడవంతా నేను తెచ్చిపెట్టుకున్నదే. జాలితో రాశానో, విసుగుతో రాశానో, రికార్డులో ఉన్నది అదే కదా అన్న ధీమాతో రాశానో, ఎన్నిసార్లు తిరగేసినా విడదీయలేకపోతున్నాను. "ఉన్నాయి" అన్న మాటను కొట్టేశాను. "లేవు" మిగిలింది. నోటు పుస్తకంలోని పేజీని నివేదికకు జత చేయలేదు.

ఆ తర్వాత నన్ను వేరే పనుల మీద చంద్రగిరి వైపు వేశారు. ఈ వంతెన లేచిందని, పాతది పడగొట్టి కింది బండలతో సహా ఎత్తేశారని విన్నాను.

నా పదవీ విరమణ రోజు ఆఫీసులో చిన్న సభ చేశారు. ఆ ఇంజనీరు కూడా వచ్చాడు. దండలు, పులిహోర, పొగడ్తలు అయ్యాక, మిగిలిన నలుగురం కూర్చున్నప్పుడు నా మనసులో నలుగుతున్నది ఆయనతో చెప్పాను. గుంతల లెక్కలు, ముసలాయన మాట మార్చడం, రెండేళ్ల భయం, అన్నీ.

ఆయన పులిహోర చేత్తోనే ఆగిపోయాడు. "రెండేళ్లని మీకెవరు చెప్పారు మేడం?"

"డిజైను మార్చాలి కదా?"

"దేనికి? కొత్త వంతెన స్తంభాలు ఎంతో లోతుకు దిగినాయి. ఆ బండపరుపుతో నాకు పనే లేదు. పాత వంతెన తీసేటప్పుడు దాన్ని ముట్టుకోవద్దు అని మీరు ఒక్క ముక్క రాసుంటే కాంట్రాక్టరుకు చెప్పి వదిలేసేవాణ్ణి. ఒక్క రోజు కూడా ఆలస్యమయ్యేది కాదు."

"నీటి వనరు ఉందో లేదో నాకే తెలియదు కదండీ."

"తెలియదనే రాయాల్సింది. తెలియనప్పుడు ఎవరైనా పగలగొడతారా?"

ఆయన నన్ను నొప్పించాలని అనలేదు. మామూలుగా అడిగాడు. సభలో కప్పిన శాలువాను మడతపెట్టుకుంటూ కూర్చున్నాను. ఉద్యోగమంతా ఆ ఫారంలో రెండే మాటలుంటాయని నమ్మాను. పక్కన మార్జిను ఖాళీగానే ఉంటుంది. అందులో రాయకూడదని ఎవరూ ఎన్నడూ నాకు చెప్పలేదు.

పిల్లలకు శిక్షణలో ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తాను, నీతి బాగా కుదిరిందని వాళ్లూ రాసుకుంటారు. కానీ అసలు సంగతి ఇంకా కొంచెం ఉంది. అది నీతికి కుదరదు.

రిటైరైన ఏడాది వేసవిలో ఒకరోజు బస్సెక్కి ఆ ఊరికి వెళ్లాను. కొత్త వంతెన వెడల్పుగా ఉంది. రెండు పక్కలా నడిచేవాళ్లకు ఎత్తైన దారి, ఇనుప కమ్మీలు. బడిలో వండే ఆమె ఎదురుగా నడిచొస్తూ నన్ను గుర్తుపట్టి నవ్వింది. "వంతెన కట్టినాక ఈడ ఎవురికీ ఏం కాలేదు మేడమ్," అంది. ఇంటికి తీసుకెళ్లి కాఫీ ఇచ్చింది. కాలువ సంగతి అడిగితే, "నీళ్లు లేవు మేడమ్. మా నాయన ఆడే ఉంటాడు, పోయి సూడండి," అంది.

ఊటకాలువ ఎండిపోయి ఉంది. దాని గట్టునే నీరుగంటి పారతో పూడిక తీస్తున్నాడు. ఇంకా చిక్కిపోయాడు. నన్ను చూసి, "రామ్మా," అన్నాడు, నిన్న కలిసినట్టే.

ఎంతోకాలంగా మోస్తున్న ప్రశ్న అడిగేశాను. "పెద్దాయనా, ఆ రోజు సభలో చెప్పింది నిజమా, మొదట నాకు చెప్పింది నిజమా?"

ఆయన పార మీద గడ్డం ఆనించి ఆలోచించాడు. "నాకేం తెల్సమ్మా? నేను పుట్టేసరికే ఆ బండలుండాయి. వాటివల్లే నీళ్లని మా నాయన చెప్పినాడు, నేను నీకు చెప్పినాను. బండలు తీసి సూసినోడు ఎవుడుండాడు?"

"ఇప్పుడు తీశారు కదా. కాలువ ఎండింది కదా."

"ఎండింది. ఆ యేడే సుట్టూరా మామిడి తోపులోళ్లు బోర్లేసినారు. వానా సరిగ్గా పడలేదు. బండలు తీస్తే ఎండిందో, బోర్లకు ఎండిందో, ఎట్ల చెప్పేది?"

"మరి సభలో అంత గట్టిగా సంబంధం లేదన్నారే?"

"మొదట తెలీకుండానే ఉండాదన్నాను. ఆ పొద్దు తెలీకుండానే లేదన్నాను." ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. "నువ్వూ తెలీకుండానే రాసినావు గదమ్మా."

ఆయన మళ్లీ పార ఎత్తాడు. కాలువ అడుగున గట్టిపడిన మట్టి పెళ్లలు పెళ్లలుగా లేస్తోంది. తీసినంత మేరా కాలువ గీత నేరుగా, శుభ్రంగా కనిపిస్తోంది. తీయనిచోట గడ్డి మూసేసి, కాలువ ఎక్కడుందో పోల్చుకోలేకుండా ఉంది.

"నీళ్లు రాని కాలువకు పూడిక ఎందుకు తీస్తున్నారు?"

"వొదిలేస్తే రెండేండ్లలో యాడుండిందో ఎవురికీ తెలీదు. ఉండిందని కూడా తెలీదు."

మట్టి ఎత్తి పోసే గంప ఒకటి గట్టు మీద ఉంది. ఆయన ఒక్కడే తవ్వి, తనే దిగి, తనే నింపి, తనే ఎక్కి పోస్తున్నాడు. బస్సుకు ఇంకా గంట టైముంది. చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని కాలువలోకి దిగాను. ఆయన వద్దనలేదు. ఆయన తవ్వుతుంటే, బస్సు వచ్చేదాకా గంపతో మట్టి ఎత్తి గట్టు మీద పోస్తూ ఉన్నాను.